కాలనీలో రాత్రి గస్తీ పెంచమని ఎవరిని అడగాలి?

మాది హైదరాబాద్ శివార్లలో, ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) అవతల, సగం ఊరు సగం ప్లాట్లుగా ఉన్న కాలనీ. మెయిన్ రోడ్డు మీద హెల్మెట్ చలాన్ల కోసం పోలీసులు రోజూ నిలబడతారు, మంచిదే, కానీ చీకటి పడ్డాక ఖాళీ ప్లాట్లలో చేరి తాగే బ్యాచ్ వైపు ఎవరూ రారు. మొన్న పక్క సందులో తాళం వేసిన ఇంట్లో దొంగలు పడి గ్యాస్ సిలిండర్‌తో సహా పట్టుకెళ్లారు. 100కి ఫోన్ చేస్తే బండి వస్తుంది, అందరూ సర్దుకుంటారు, బండి వెళ్లగానే మళ్లీ మొదలు. పోలీసుల 'నేను సైతం' కార్యక్రమం కింద చందాలేసుకుని సీసీ కెమెరాలు పెట్టుకోమంటున్నారు, సగం వీధిలైట్లే వెలగని చోట అవేం చూస్తాయో!

బ్లూకోల్ట్స్ (బైకుల మీద తిరిగే పోలీసు గస్తీ) బీట్‌లో తమ వీధి పడేలా ఎవరైనా చేయించుకున్నారా? అర్జీ స్టేషన్ ఇన్‌ఛార్జి ఎస్‌హెచ్‌ఓకి ఇవ్వాలా, నేరుగా ఆయన పై అధికారి ఏసీపీకా? అసోసియేషన్‌కి రిజిస్ట్రేషన్ లేకపోయినా తీసుకుంటారా?