అప్‌డేట్: అలుగు, ఆర్మడిల్లో చుట్టాలా? తేలిపోయింది

మా పాప ప్రాజెక్టు కోసం పోయిన వారం అడిగాను కదా, మన అలుగూ (ఒళ్లంతా పొలుసులుండే పాంగొలిన్), అమెరికాలో ఉండే పెంకు జంతువు ఆర్మడిల్లో ఒకే జాతివా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. అమలాపురంలో తెలిసిన జువాలజీ లెక్చరర్‌గారు తేల్చేశారు: కావు.

"పెంకు దేనితో అయిందో చూడండి" అన్న సలహాయే పనికొచ్చింది. అలుగు పొలుసులు మన గోళ్లలాంటి కెరటిన్. ఆర్మడిల్లోకి పైనున్న కెరటిన్ పొర కింద ఎముక పలకలుంటాయి. ఆయన వేలిగోరు బల్లమీద టకటకా కొట్టి చూపిస్తే పాపకి వెంటనే అర్థమైంది. ఆర్మడిల్లోకి చుట్టాలు స్లాత్‌లు (చెట్లకి వేలాడే నిదానపు జంతువులు), యాంట్‌ఈటర్లు (పొడుగు మూతితో చీమలు తినేవి). అలుగుకేమో పిల్లులూ కుక్కలూ ఉన్న వర్గం దగ్గర. 2016లో డీఎన్‌ఏ చూస్తే, ఎప్పుడో అంతరించిన భారీ పెంకు జంతువులు గ్లిప్టోడాంట్లు కూడా ఆర్మడిల్లోల్లోనే ఒక కొమ్మట!

ముడుచుకోవడం, చీమలు తినడం చుట్టరికానికి లెక్కలోకి రావు. పాత వర్గీకరణలో రెంటినీ "పళ్లు లేనివి" అని కలిపేశారు, తీరా చూస్తే ఆర్మడిల్లోకి పళ్లున్నాయి.