డ్రాప్‌డౌన్ సొంతంగా రాసుకున్నాం, టెస్టులన్నీ పాస్. మరి "రాష్ట్రం" ఎందుకు తెగింది?

పాతకీబోర్డు:
మా టీమ్ రియాక్ట్ (వెబ్ పేజీ భాగాలు రాసే టూల్) లైబ్రరీలో డ్రాప్‌డౌన్, అంటే నొక్కితే లిస్టు తెరుచుకునే బాక్స్, మేమే రాసుకున్నాం. టెస్టులు జెస్ట్ అనే టూల్‌లో, ఎక్కువగా స్నాప్‌షాట్లే (పేజీ కోడ్ కాపీ దాచుకుని, తర్వాత దానితో పోల్చేవి). కవరేజ్, అంటే టెస్టుల్లో నడిచిన కోడ్ వాటా, 94 శాతం. పోయిన వారం తెలుగు ఫారమ్‌లో పెట్టి చూస్తే "రాష్ట్రం" అన్న లేబుల్‌లో ష కింది వత్తులు సగానికి తెగిపోయి ఉన్నాయి. లైన్ హైట్ (వరుస ఎత్తు) 1, ఓవర్‌ఫ్లో హిడెన్ (బాక్స్ దాటింది కనపడదు). ఒక్క టెస్టూ ఫెయిల్ కాలేదు! స్నాప్‌షాట్లు తీసేసి నిజం బ్రౌజర్‌లో టెస్టులు నడుపుదామంటే మా లీడ్ గారు టైమ్ దండగ అంటున్నారు. మీరేమంటారు?

నైట్‌షిఫ్ట్‌రావు:
ఎలా ఫెయిలవుతుంది? జెస్ట్‌లో ఇలాంటి టెస్టుల వెనక ఉండేది జేఎస్‌డామ్, బ్రౌజర్‌లా నటించే కోడ్. అది బొమ్మ గీయదు, కొలతలు లెక్కెయ్యదు. ఏ ఎలిమెంట్ సైజు అడిగినా 0 అంటుంది. స్నాప్‌షాట్ అంటే మార్కప్ కాపీ, అందులో "రాష్ట్రం" శుభ్రంగానే ఉంటుంది. పైగా అది ఫెయిలైతే ఎవరు చదువుతారు? జెస్ట్ డ్యాష్ యు కొట్టి అప్‌డేట్ చేసేసి టీకి పోతారు. నేనూ చేశాను, అబద్ధమెందుకు.

కుంపటి:
రావు గారూ, చెప్పడం తేలికండి. మా దగ్గర డ్రాప్‌డౌన్ లాంటి కాంపోనెంట్లు 40. ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ, అంటే కోడ్ మార్పు పంపిన ప్రతిసారీ, బ్రౌజర్ లేపితే 25 నిమిషాలు. స్క్రీన్‌షాట్ టెస్టులైతే మరీ తలనొప్పి: నా మ్యాక్‌లో అక్షరం ఒకలా వస్తుంది, సీఐలో (టెస్టులు వాటంతటవే నడిచే సర్వర్) ఉన్న లినక్స్‌లో ఇంకోలా వస్తుంది. రోజూ ఉత్తుత్తి ఫెయిల్యూర్లు. ఆయన కవరేజ్ 94 శాతం ఉంది, ఇంకేం కావాలి?

నైట్‌షిఫ్ట్‌రావు:
స్క్రీన్‌షాట్లు అందరూ ఒకే డాకర్ ఇమేజ్‌లో (ఏ మెషీన్‌లోనైనా ఒకేలా నడిచే ప్యాకేజీ) తీసుకోండి, ఫాంట్ కూడా అందులోనే పెట్టండి. ఆ తేడా పోతుంది. ఇక కవరేజ్ అంటారా, ఆ లైన్ నడిచిందని మాత్రమే అది చెప్తుంది. లైన్ హైట్ సీఎస్ఎస్‌లో, అంటే పేజీ రూపం చెప్పే కోడ్‌లో, ఉంది, ఆ లెక్కలోకే రాదు.

కుంపటి:
అంటే 94 తక్కువంటారా?

గోంగూరపచ్చడి:
ఇంతకీ బ్రౌజర్ ఊరికే ఇచ్చే డ్రాప్‌డౌన్, ఆ సెలెక్ట్ ట్యాగ్, ఏం పాపం చేసింది?

పాతకీబోర్డు:
మా డిజైనర్‌ని అడగండి 🙂

సరళ_టెస్టింగ్:
నాకు తగిలింది చెప్తాను. జిల్లా ఎంచుకునే బాక్స్. ఫొనెటిక్ కీబోర్డుతో "శ్రీకాకుళం" కొట్టి, పదం ఖాయం చేద్దామని ఎంటర్ నొక్కాను. ఆ ఎంటర్‌ని కాంపోనెంట్ కూడా పట్టుకుని లిస్టులో మొదటిదైన అనంతపురాన్ని ఎంచేసింది. పదం ఇంకా ఖాయం కాలేదని బ్రౌజర్ చెప్పే గుర్తు ఈజ్‌కంపోజింగ్. అది చూసి వదిలేయాల్సిన చోట చూడలేదు. కోడ్ రాసినవాళ్ల టెస్టులో వట్టి ఎంటర్ ఈవెంట్ ఉంది, పాసైంది. తెలుగులో టైప్ చేసే మనిషి ఆ టెస్టులో లేడు.

బెజవాడబండి:
2018 ఫిబ్రవరి గుర్తుందా? "జ్ఞా"ని ఒకరకంగా రాసి మెసేజ్ పెడితే ఐఫోన్‌లో యాప్‌లు కూలిపోయేవి. ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా అదే గోల. ఆపిల్‌కే తప్పలేదు, మనమెంత.

కుంపటి:
అది ఓఎస్ బగ్ బ్రదర్, కాంపోనెంట్‌తో సంబంధం లేదు. ఇక సరళ గారూ, మీరు చెప్పింది వెయ్యిమందిలో ఒకరికొస్తుంది. టెస్టర్లకి ప్రతిదీ బగ్గే.

సరళ_టెస్టింగ్:
ఏమన్నారు? మా ఆఫీసులో ఏం జరిగిందో వినండి. "డెవలపర్లే టెస్టులు రాసుకుంటున్నారు, కవరేజ్ చూడండి" అని స్లైడ్ వేసి మా ముగ్గురినీ వేరే ప్రాజెక్టుకి తోసేశారు. నెల తిరక్కుండా అనంతపురం బగ్ ప్రొడక్షన్‌లోకి, అంటే జనం వాడే సైట్‌లోకి, వెళ్లింది. రాత్రి పదకొండింటికి ఫోన్ ఎవరికొచ్చింది? నాకే. మీరు చెప్పే ఆ 94 వింటే నాకు ఆ స్లైడే కనిపిస్తోంది.

గోంగూరపచ్చడి:
👏

కుంపటి:
కోపం వద్దండి. టెస్టర్ల గురించి నేనన్న మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. నా సంగతీ వినండి. మాకు ఆ కవరేజ్ అంకె అప్రైజల్‌లో ఉంది. పోయిన ఏడాది నేనే ముందుపడి బ్రౌజర్ టెస్టులు పెట్టాను. అవి ఓసారి పాస్, ఓసారి ఫెయిల్. రిలీజ్ రెండు రోజులు ఆగింది, నా రేటింగ్ దిగింది. స్నాప్‌షాట్లతో వచ్చిన 90 శాతానికి మాత్రం మెచ్చుకున్నారు. ఇంకోసారి ఆ టెన్షన్ నేనెందుకు పడాలి?

నైట్‌షిఫ్ట్‌రావు:
ఇది ముందే చెప్పొచ్చుగా కుంపటి గారూ. పొద్దున్నుంచి టూల్స్ గురించి కొట్టుకుంటున్నాం. మీ గొడవ మేనేజర్‌తో!

కుంపటి:
మేనేజర్ ఈ థ్రెడ్‌లో లేడు కదా, మీరున్నారు.

పాతకీబోర్డు:
నేను చేసింది చెప్తాను. లైన్ హైట్ 1.6 పెట్టాను. స్టోరీబుక్‌లో (కాంపోనెంట్లని విడివిడిగా చూపించే టూల్) ఇంగ్లీష్ డమ్మీ మాటలు తీసేసి "రాష్ట్రం", "స్త్రీ", "వైశిష్ట్యం" పెట్టాను. అన్ని కాంపోనెంట్లకీ కాకుండా అక్షరం తెగే అవకాశమున్న ఆరింటికే ప్లేరైట్‌తో (నిజం బ్రౌజర్‌ని నడిపే టెస్టు టూల్) స్క్రీన్‌షాట్. నాలుగు నిమిషాలు పడుతోంది. సరళ గారి ఎంటర్ కేసు నా కోడ్‌లోనూ ఉంది, ఇప్పుడే చూశాను. లీడ్ గారికి ఇంకా చెప్పలేదు.

కుంపటి:
మంచిదే. ఇమేజ్‌లో ఏ ఫాంట్?

పాతకీబోర్డు:
నోటో సాన్స్ తెలుగు.

కుంపటి:
ఆ ఫాంట్‌ని సైట్‌తో పాటు పంపుతున్నారా? లేకపోతే విండోస్‌లో నిర్మలా యూఐ వస్తుంది. దాని కొలతలు వేరు.

పాతకీబోర్డు:
...చూసి చెప్తాను.