చర్చ: ట్యూషన్‌లో అరగంట తగ్గించి ఆటలాడించమంటే ఒప్పుకోవచ్చా?

మారతహళ్ళి అమ్మ:
మా వాడికి పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. ఏడీహెచ్‌డీ (కుదురు, ధ్యాస నిలవకపోవడం), డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమవడం) రెండూ ఉన్నాయని పోయినేడు తేలింది. రోజూ సాయంత్రం ఐదున్నర నుంచి రెండు గంటలు ట్యూషన్. అందులో మొదటి అరగంట తీసేసి గెంతే ఆటలు, ఆగే ఆటలు ఆడించమని స్పెషల్ ఎడ్యుకేటర్ మేడం అంటున్నారు. మా వారేమో "అసలే చదువు వెనకబడింది, ఇంకా ఆటలా" అంటున్నారు.

కేఆర్ పురం నాన్న:
మీ వారి మాటే నాదీనండి. మా అమ్మాయిని ఆరు నెలలు బ్రెయిన్ జిమ్‌కి తిప్పాను. కుడి చేత్తో ఎడమ మోకాలు తాకిస్తే మెదడు రెండు వైపులా కలిసి చదువు వస్తుందన్నారు. ఒక్క పేజీ కూడా ముందుకంటే బాగా చదవలేదు.

జయనగర్ డ్రిల్లు మాస్టారు:
అన్నా, మీ కోపం న్యాయమైనదే. ఆ మోకాళ్ళ లెక్కకి సరైన రుజువు లేదు. డిస్లెక్సియా ఉన్న పిల్లలకి అక్షరానికీ శబ్దానికీ ఉన్న లంకె వరసగా, ఓపిగ్గా నేర్పాల్సిందే. ఆ పని ఏ ఆటా చెయ్యదు.

ఆట ఇచ్చేది కుదురు. చెమట పట్టేలా కదిలితే మెదడులో డోపమిన్, నోరెపినెఫ్రిన్ అనే రసాయనాలు పెరుగుతాయి. ఏడీహెచ్‌డీకి ఎక్కువగా ఇచ్చే మందులూ వాటి మీదే పనిచేస్తాయి. (అలాగని డాక్టర్ని అడగకుండా మందు ఆపకండమ్మా.) ఆ ఫలం కాసేపే ఉంటుంది, అందుకే చదువుకి సరిగ్గా ముందు ఆడించాలి.

మా గ్రౌండ్‌లో ఒక చప్పట్టుకి పరుగు, రెండింటికి బొమ్మలా ఆగడం. అలవాటు పడ్డాక నియమం తిరగేస్తాను, ఒకటికి ఆగాలి, రెండింటికి పరుగెత్తాలి. మొదటివారం ప్రతిసారీ దూసుకెళ్ళిన ఒక అబ్బాయి, మూడోవారం ఒక చప్పట్టు వినగానే మడమ లేపి, పెదవి కొరుక్కుని, మళ్ళీ నేలకి ఆనించాడు. లేచిన కాలిని తనే ఆపుకున్నాడు. వాడికి రావాల్సింది అదే.

ఒక్క జాగ్రత్త. ఈ వయసులో సిగ్గెక్కువ. పసిపిల్లల ఆటలు వద్దు, ఓడినవాణ్ణి పక్కన కూర్చోబెట్టొద్దు. జట్లు మీరే వెయ్యండి, పిల్లల్ని ఏరుకోమంటే చివరికి మిగిలేది వీడే. ఏడు పెంకులాట మంచిది, ఇక్కడ బెంగళూరు పిల్లలకి లగోరిగా తెలిసిందే.

కేఆర్ పురం నాన్న:
ఆటకి సరే. ట్యూషన్‌లోంచి కొయ్యడానికి మాత్రం ఒప్పుకోను.

జయనగర్ డ్రిల్లు మాస్టారు:
మరి ఆ అరగంట ఎక్కణ్ణుంచి వస్తుందన్నా? 5 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకి రోజుకి సగటున 60 నిమిషాల కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. వీళ్ళు బళ్ళో ఆరు గంటలు కూర్చుని, రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో బస్సులో కూర్చుని, దిగగానే మళ్ళీ కూర్చోవాలి. మార్కులు తగ్గితే ముందు పోయేది మా పీరియడే. ఎవరికి కదలిక ఎక్కువ అవసరమో వాళ్ళకే అది అందట్లేదు, నా బాధ అది.

మారతహళ్ళి అమ్మ:
మాస్టారూ, రేపటి నుంచి ట్యూషన్ ఆరింటికని సార్‌కి మెసేజ్ పెట్టేశాను. మా వారు ఇంకా ఒప్పుకోలేదు. బంతి మాత్రం ఆయనే తెస్తానన్నారు.