అఫ్గాన్ ప్రజల పండుగలు, సెలవులు: నౌరోజ్‌ను ఎక్కడ చేర్చాలి?

తిరుపతి టీచర్:
అందరికీ నమస్కారం. నేను తిరుపతిలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. ఉగాది సందర్భంగా మా తొమ్మిదో తరగతి పిల్లలు ఆసియా దేశాల సంవత్సరాదుల మీద ఒక గోడపత్రిక తయారుచేస్తున్నారు. అఫ్గానిస్తాన్ గురించి రాస్తున్న పిల్లలు, వసంతంలో వచ్చే సంవత్సరాది నౌరోజ్ అక్కడి పెద్ద పండుగ అని ఒకచోట, దానికి అసలు సెలవే లేదని మరొకచోట చదివి ఏది రాయాలో తేల్చుకోలేకపోతున్నారు. యుద్ధవార్తలు తప్ప ఆ దేశం గురించి మరేమీ వినని ఈ పిల్లలకు, అక్కడి ఇళ్లలో పండుగపూట ఏం జరుగుతుందో చెప్పాలని నా కోరిక. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

చిత్తూరు చదువరి:
మేడం, రెండూ నిజమే. తాలిబన్లు 1996 నుంచి 2001 వరకు సాగిన తమ మొదటి పాలనలో నౌరోజ్‌ను నిషేధించారు. 2021 ఆగస్టులో మళ్లీ అధికారంలోకి వచ్చాక దానిని సెలవుల జాబితా నుంచి తీసివేశారు. ఇప్పటి జాబితాలో రంజాన్, బక్రీద్ పండుగలతో పాటు ఆగస్టు 19 నాటి స్వాతంత్ర్య దినం ఉంది. 1879 నాటి గండమక్ సంధితో ఆ దేశపు విదేశీ వ్యవహారాలు బ్రిటిష్ వారి చేతికి వెళ్లగా, అఫ్గాన్ పాలకుడు అమానుల్లా ఖాన్ కాలంలో, 1919 ఆగస్టు 8న రావల్పిండిలో కుదిరిన ఒప్పందంతో అవి తిరిగి అఫ్గాన్ల చేతికి వచ్చాయి. తాలిబన్లు కాబూల్‌లో ప్రవేశించిన ఆగస్టు 15ను ఇప్పటి ప్రభుత్వం విజయదినంగా జరుపుతోంది.

కానీ జాబితా చూసి పండుగలను అంచనా వేయకూడదని నా గట్టి అభిప్రాయం. నౌరోజ్‌కు ఇళ్లలో హఫ్త్ మేవా చేస్తారు. ఎండుద్రాక్ష, బాదం, అక్రోట్, పిస్తా, ఎండు ఆప్రికాట్, సెంజెద్ అనే ఎండుపండు వంటి ఏడు రకాలను నీళ్లలో నానబెట్టి, బాదం, అక్రోట్‌ల పొట్టు ఓపికగా ఒలిచి మళ్లీ అందులోనే వేస్తారు. పండ్ల తీపి నీటిలోకి దిగుతుంది కాబట్టి చక్కెర కలపనవసరం లేదు. ఇంటికి వచ్చిన ప్రతివారికీ, మనం ఉగాది పచ్చడి పెట్టినట్టే, దీనిని గిన్నెలో పోసి ఇస్తారు. ఇరాన్ వారు బల్ల మీద అలంకరించే హఫ్త్ సీన్ వేరు. పిల్లలు ఈ రెండింటినీ కలిపేయకుండా చూడండి.

సమనక్ మరొకటి. మొలకెత్తిన గోధుమలను దంచి, ఆ రసంలో పిండి కలిపి, ఆడవాళ్లందరూ పెద్ద డేగిసా చుట్టూ చేరి పాటలు పాడుతూ రాత్రంతా కలియబెడుతూ వండుతారు. దీనికీ తీపి మొలకల నుంచే వస్తుంది.

తిరుపతి టీచర్:
చాలా కృతజ్ఞతలండీ. పిల్లలు ఇంకొకటి అడిగారు. మన ఉగాది ఏటా తేదీ మారుతుంది కదా, నౌరోజ్ ఎప్పుడూ మార్చి 20, 21 ప్రాంతంలోనే ఎందుకు వస్తుంది?

పంచాంగ ప్రియుడు, పుత్తూరు:
ఉగాది చాంద్రమానాన్ని అనుసరిస్తుంది, నౌరోజ్ సూర్యుణ్ణి. పగలు, రాత్రి సమానమయ్యే వసంత విషువత్తుతో వారి సౌర సంవత్సరం మొదలవుతుంది. మన ప్రాంతంలో ఇది పిల్లలకు సులభంగా అర్థమవుతుంది, ఎందుకంటే చిత్తూరు వైపు తమిళ కుటుంబాలు ఏప్రిల్ 14న జరుపుకొనే సంవత్సరాది కూడా సూర్యుడు మేషంలో ప్రవేశించే రోజే. అఫ్గాన్ సౌరమాసాలు కూడా రాశుల పేర్లతోనే సాగుతాయి: మొదటి నెల హమల్ అంటే మేషం, తొమ్మిదో నెల ఖౌస్ అంటే ధనుస్సు. తేడా అంతా అయనాంశలో, అంటే రాశుల లెక్క మొదలుపెట్టే రెండు బిందువుల మధ్య దూరంలో ఉంది. వారిది విషువత్తు నుంచి లెక్కించే సాయనం, మనది స్థిర నక్షత్రాలను బట్టి లెక్కించే నిరయనం. ఆ 24 డిగ్రీల తేడా వల్ల, తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపించే మన ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలైతే, వారి ఖౌస్ నెల నవంబరు 22 ప్రాంతంలోనే మొదలవుతుంది. ఇక రంజాన్, బక్రీద్ శుద్ధ చాంద్రమాన పండుగలు. వాటికి అధికమాసం ఉండదు కాబట్టి ఏటా పది, పదకొండు రోజులు ముందుగానే వస్తుంటాయి.

చిత్తూరు చదువరి:
పుత్తూరు వారు చక్కగా చెప్పారు. ఉత్తర అఫ్గానిస్తాన్‌లోని మజారె షరీఫ్ నగరం గురించి కూడా పిల్లల చేత రాయించండి. అక్కడ హజ్రత్ అలీ పేరిట వెలసిన నీలి దర్గాలో నౌరోజ్ నాడు పెద్ద జెండాను నిలబెట్టి నలభై రోజులు ఉంచడం పాత ఆచారం. చుట్టుపక్కల మైదానాల్లో ఎర్రని టులిప్ పూలు విరబూసే కాలం కూడా అదే. రంజాన్‌కు పిల్లలు రంగులద్దిన ఉడికించిన గుడ్లు పట్టుకుని, ఒకరి గుడ్డు కొనతో మరొకరి గుడ్డును కొడతారు. పగిలిన గుడ్డు గెలిచినవాడిది. మీ పిల్లలు దీన్ని తప్పక ఇష్టపడతారు.

అఫ్గాన్లంటే ఒకే తెగ కాదని కూడా ఒక వాక్యం ఉండాలి. పష్తూన్లు, తాజిక్కులు, హజారాలు, ఉజ్బెక్కులు అందరూ నౌరోజ్‌ను ఒకే స్థాయిలో జరుపుకోరు. కాబూల్‌లోని సిక్కులకు వైశాఖి ఉండేది; వారిలో చాలామంది ఇప్పుడు దేశం విడిచారు. యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలోని నౌరోజ్ నమోదును 2016లో మరిన్ని దేశాలకు విస్తరించినప్పుడు అఫ్గానిస్తాన్ పేరు కూడా చేరింది. కాబట్టి గోడపత్రికలో ప్రభుత్వ సెలవులకు ఒక గడి, ప్రజల పండుగలకు మరొక గడి గీయించి, నౌరోజ్‌ను రెండో గడిలో మొదట రాయించండి.