బూస్టర్ వేసినా హెపటైటిస్ బి యాంటీబాడీలు పెరగలేదు, ఇప్పుడేం చేయాలి?

మా నాన్నగారిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు హీమోడయాలసిస్ చేయించుకుంటున్నారు. మామూలు పెద్దవారికి ఇచ్చేదానికి రెట్టింపు, అంటే 40 మైక్రోగ్రాముల చొప్పున, 0, 1, 2, 6 నెలల్లో హెపటైటిస్ బి టీకా వేయించాం. అప్పట్లో యాంటీ హెచ్‌బీఎస్ (రక్తంలో ఈ టీకా యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూసే పరీక్ష) 64 వచ్చింది. ఈ ఏడాది పరీక్షలో 6. పదికి తగ్గితే రక్షణ లేనట్టే కాబట్టి బూస్టర్ వేశారు. నెల దాటాక చూస్తే 8. అంతే!

రక్తంలో వ్యర్థాలు పేరుకోవడం వల్ల రోగనిరోధక కణాలు మందగిస్తాయని, అందుకే డయాలసిస్ రోగుల్లో టీకాకు స్పందన తక్కువని డాక్టరుగారు వివరించారు. కారణం సరే, దారి ఏమిటి? నాలుగు డోసులూ మళ్లీ మొదలుపెడదామని ఆయన అంటున్నారు. కండకు కాకుండా చర్మం పొరలోకి కొద్దికొద్దిగా ఇచ్చే పద్ధతి కూడా ఉందని మరో డాక్టరు చెప్పారు. నాన్నగారి ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉంది, కాబట్టి ఏ సూదైనా కుడి భుజానికే. "ఇంకా ఎక్కడ పొడుస్తారురా?" అని విసుక్కుంటున్నారు, ఆయన విసుగులోనూ న్యాయముంది.

మీ ఇళ్లలో ఎవరికైనా రెండో విడత డోసులతో యాంటీబాడీలు పెరిగాయా? పెరిగితే ఎన్నాళ్లు నిలిచాయి? చర్మంలోకి ఇచ్చే పద్ధతి విశాఖలో ఎక్కడైనా చేస్తున్నారా? రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువగా ఉంటే ముందు దాన్ని సరిచేసుకుని టీకా వేయించుకున్నవారు ఉన్నారా? నాన్నగారికి అది 3.1 ఉంది. ఈలోగా డయాలసిస్ కేంద్రంలో మేము పట్టుబట్టి అడగాల్సిన జాగ్రత్తలు ఏమైనా ఉంటే అవీ చెప్పండి.