అప్‌డేట్: వయొలిన్ క్లాసుల బుకింగ్ పేజీలో టైమ్‌జోన్ గొడవ తీరింది

విజయనగరం నుంచి ఆన్‌లైన్‌లో వయొలిన్ నేర్పే మా పిన్ని కోసం చేసిన బుకింగ్ పేజీలో, మార్చి రాగానే అమెరికా పిల్లలకి క్లాసు టైమ్ గంట తేడాగా చూపిస్తోందని, టైమ్‌జోన్ ఎంచుకునే లిస్టులో ఏ పేర్లు పెట్టాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. తీరింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఈఎస్‌టీ (అమెరికా తూర్పు ప్రాంతపు టైమ్) లాంటి పొట్టి పేర్లు తీసేసి, ఐయానా డేటాబేస్ (ప్రపంచ టైమ్‌జోన్ల జాబితా) పేర్లే సేవ్ చేయమన్న సలహా పనిచేసింది. అమెరికా/న్యూయార్క్ అని ఉంటే, మార్చి రెండో ఆదివారం అక్కడి టైమ్‌ని గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరపడం పేజీలో వాడిన టైమ్ లైబ్రరీయే (రెడీమేడ్ కోడ్) చూసుకుంటుంది. ఇక్కడ ఉదయం 6.30 క్లాసు వాళ్లకి చలికాలంలో ముందురోజు రాత్రి 8కి, వేసవిలో 9కి సరిగ్గా పడుతోంది. ఐఎస్‌టీ అయితే మరీ ఘోరం, ఇజ్రాయెల్, ఐర్లాండ్ వాళ్లదీ అదే పేరు!

ఇంకో చిక్కు ఎవరూ చెప్పలేదు. కొన్ని బ్రౌజర్లు మన దేశపు టైమ్‌కి ఆ డేటాబేస్‌లో ఉన్న ఏషియా/కోల్‌కతా బదులు పాత పేరు ఏషియా/కల్‌కటా పంపుతాయి. అప్పుడు మన లిస్టులో ఏదీ సెలెక్ట్ అవ్వదు. రెండూ ఒకటే కాబట్టి లోపల కలిపేశాను. స్క్రీన్ మీద మాత్రం ‘ఇండియా టైమ్’ అనే ఉంటుంది, లేకపోతే పిన్ని “మనది కోల్‌కతా ఏమిట్రా?” అంటుంది.

సర్వర్ గడియారానికీ, హోస్టింగ్ ఏ దేశంలో ఉందన్నదానికీ ఈ గంట తేడాతో సంబంధం లేదు.