జపమాల చరిత్ర: 1214 సంగతి పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న (వెలిచూపు):
అక్టోబరు జపమాల నెల కోసం సత్యోపదేశం (క్రైస్తవ విశ్వాస పాఠాల) పెద్ద తరగతికి అరగంట పాఠం తయారుచేస్తున్నాను. చిన్న పుస్తకాల్లో "1214లో మరియమ్మ పునీత దోమినిక్ వారికి జపమాల అందించారు" అని ఒక్క వాక్యంలో ముగించేస్తారు. అది నిలబడదని కొందరు గురువులు అంటారు. పిల్లలకు తప్పు చెప్పకూడదు, వాళ్ల భక్తినీ చిన్నబుచ్చకూడదు. ఏది రుజువున్నది, ఏది సంప్రదాయం? పూసల లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? లెపాంతో యుద్ధం గురించి ఎంత చెప్పాలి?

తాళపత్రం:
1214ని బోర్డు మీద రాయకండి. దోమినికన్ సన్యాస సభ స్థాపకుడైన దోమినిక్ వారు 1221లో కన్నుమూశారు. ఆయన్ను పునీతునిగా ప్రకటించే ముందు, 1233లో బొలోన్యాలో జరిగిన విచారణలో, ఆయనతో కలిసి నడిచిన సహోదరులు సాక్ష్యమిచ్చారు. ఆయన రాత్రిళ్లు ఏడుస్తూ ప్రార్థించేవారని కూడా చెప్పారు గానీ జపమాల ఊసెత్తలేదు. ఆయన తర్వాత సభకు పెద్ద అయిన జోర్డాన్ రాసిన వృత్తాంతంలోనూ అది లేదు. ఈ కథను ఊరూరా ప్రచారం చేసినవారు అలన్ దె లా రోష్ అనే బ్రిటనీ దోమినికన్ గురువు. ఆయన చనిపోయింది 1475లో. అంటే మధ్యలో రెండున్నర శతాబ్దాల ఎడం ఉంది. కాబట్టి "దోమినిక్ వారికి మరియమ్మ ఇచ్చారని సంప్రదాయం చెబుతుంది, దాన్ని లోకమంతా పంచింది మాత్రం దోమినికన్ సభే" అనండి. రెండో సగానికి ఎవరూ వంక పెట్టలేరు.

ఇక లెక్క. దాని మూలం దావీదు కీర్తనలు 150. మఠాల్లో చదువు వచ్చినవాళ్లు కీర్తనలు పాడేవారు. చదువు రాని సహోదరులు వాటి బదులు 150 పరలోక జపాలు (యేసు నేర్పిన "పరలోకమందున్న మా తండ్రీ" ప్రార్థన) చెప్పేవారు. లెక్క తప్పకుండా ఉండటానికే పూసల తాడు. 1268 ప్రాంతంలో పారిస్ వృత్తి సంఘాల నిబంధనల్ని రాసిపెట్టినప్పుడు, పూసలు చేసేవాళ్లకు ముడిసరుకును బట్టి వేర్వేరు సంఘాలున్నాయి: ఎముక, కొమ్ములకు ఒకటి, పగడానికి, గవ్వలకు ఒకటి, అంబరుకు ఒకటి. వాళ్ల పేరే 'పరలోక జపం వాళ్లు'. తర్వాత పరలోక జపం స్థానంలోకి మరియమ్మకు వందనం చెప్పే మంగళవార్త జపం వచ్చింది, 150 మూడు యాభైలుగా విడిపోయింది. మన చేతిలోని దండ అందులో ఒక యాభై. అయిదు పదులు 50, సిలువ దగ్గరి తోకలో మూడు, మొత్తం 53. పరలోక జపం పూసలు ఆరు. కలిపితే 59. తోకలోని మూడూ విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ కోసం. పిల్లలు వీటిని మొదటి పదిలో కలిపేసి 13 చెబుతుంటారు, అక్కడ ఆపి చూపించండి.

మూడుయాభైలు:
పైన చెప్పినదానికి ఒక ముఖ్యమైన సంగతి కలపాలి. లెక్క ఒక్కటే జపమాల కాదు. క్రీస్తు జీవిత ఘట్టాలను ధ్యానించడం దానికి ప్రాణం. అది జర్మనీలోని ట్రియర్‌లోని కార్తూసియన్ మఠంలో కుదురుకుంది. 1409లో అక్కడ చేరిన ప్రష్యా దోమినిక్ (ఈయన వేరు, సభ స్థాపకుడు కారు. ఈ పేర్ల దగ్గరే చాలామంది తడబడతారు) 50 మంగళవార్త జపాలకు 50 చిన్న వాక్యాలు రాశారు. ఒక్కో జపం చివర ఒక్కో ఘట్టం. అప్పటి జపం "యేసు" అనే నామంతోనే ముగిసేది కాబట్టి వాక్యాన్ని ఆ పేరుకు తగిలించడం తేలికైంది. "పరిశుద్ధ మరియమ్మా" అనే రెండో భాగం ఇప్పుడున్న రూపంలో స్థిరపడింది 1568లో, అయిదవ పియుస్ పోపు గారి ప్రార్థన పుస్తకంతో. మొదటి సగం లూకా సువార్త 1:28, 1:42 వచనాలు. పిల్లల చేత ఆ రెండు వచనాలు తీయించి చదివించండి, పాఠంలో అంతకంటే గట్టి క్షణం ఉండదు.

యాభై వాక్యాలు కంఠతా పట్టడం మామూలు జనానికి కష్టం. అందుకే పదికి ఒక్క ఘట్టం చొప్పున 15 రహస్యాలకు తగ్గాయి. 1483లో ఉల్మ్‌లో అచ్చయిన పుస్తకంలో 15 ఘట్టాల బొమ్మలున్నాయి, చదవడం రానివాళ్లకు అవే పాఠం.

వ్యాప్తికి అసలు కారణం జపమాల సమాజాలు. అలన్ గారు 1470లో దువేలో, యాకొబ్ స్ప్రెంగర్ 1475లో కొలోన్‌లో పెట్టారు. కొలోన్ సమాజంలో చేరడానికి రుసుము లేదు, పేరు రాయించుకుంటే చాలు. వారానికి మూడు యాభైలు చెప్పాలి. చక్రవర్తి మూడవ ఫ్రెడరిక్ పేరూ, పైసా లేని వితంతువు పేరూ ఒకే పుస్తకంలో ఉండొచ్చు. అంతకు ముందు సమాజాలకు రుసుములుండేవి. జపమాల పేదల చేతికి చేరింది ఈ దారిలోనే, కథ వల్ల కాదు.

అక్టోబరు7:
లెపాంతోకు అయిదు నిమిషాలు చాలు. 1571 అక్టోబరు 7, ఆదివారం, క్రైస్తవ రాజ్యాల కూటమి నౌకాదళం ఒట్టోమన్ తుర్కుల నౌకాదళాన్ని ఓడించింది. నెలలో మొదటి ఆదివారం కావడంతో ఆ రోజే రోములో జపమాల సమాజాల ప్రదక్షిణ జరిగింది. విజయాన్ని మరియమ్మ ప్రార్థనకు ఆపాదించడానికి ఇదీ ఒక కారణం. అయిదవ పియుస్ 'విజయ మాత' స్మరణ పెట్టారు. 1573లో పదమూడవ గ్రెగరీ దాన్ని జపమాల పండుగ చేశారు, అదీ జపమాల పీఠమున్న గుళ్లకే. 1716లో పదకొండవ క్లెమెంట్ శ్రీసభ మొత్తానికి విస్తరించారు. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి అక్టోబరు 7కు మార్చింది 1913లో. "1571 నుంచీ అక్టోబరు 7న అందరూ జరుపుకుంటున్నారు" అని రాస్తే మూడు తప్పులు. అక్టోబరు నెలంతా జపమాలకు అంకితమైంది 1883లో, పదమూడవ లియో లేఖతో.

యుద్ధం మీదే ఆగిపోతే భక్తి ఒక గెలుపు గుర్తుగా మిగిలిపోతుంది. దాని బదులు 1826లో లియోన్‌లో పోలీన్ జారికో మొదలుపెట్టిన 'సజీవ జపమాల' చెప్పండి. 15 మంది, తలా ఒక పది, రోజుకు మొత్తం 150. తరగతిలోనే చేసి చూపించవచ్చు.

వెలిచూపు:
చాలా కృతజ్ఞతలు. ఒక్క సందేహం. ఆ ట్రియర్ పద్ధతి తెలుగులో చేయించవచ్చా? మన జపంలో "యేసు" వాక్యం మధ్యలో వస్తుంది కదా.

మూడుయాభైలు:
చేయించవచ్చండి, మన భాషకు ఇంకా తేలిక. లాటినులో పేరు తర్వాత వాక్యం తగిలించాలి. మనకు విశేషణం పేరుకు ముందే వస్తుంది. "మీ గర్భఫలమగు, *పశువుల తొట్టిలో పరుండిన* యేసు ఆశీర్వదింపబడినవారగును." జపం తెగదు. మూడు నాలుగు మాటలకు మించనివ్వకండి, పొడుగైతే గుంపులో సగంమంది వెనకబడతారు. ముందు చెప్పేవాళ్లే చేర్చాలి. రెండో సగం అందుకునేవాళ్లకు మార్పేమీ ఉండదు. పదిలోని పది జపాలకూ ఒకే మాట వాడండి, లేకపోతే పిల్లలు కాగితం చూస్తూ కూర్చుంటారు. ఇది మన సొంత కల్పన అనుకోవద్దు. జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో ఇప్పటికీ ఇలాగే చెబుతారు, ఆరవ పౌలు పోపు గారు 1974 లేఖలో ఈ అలవాటును ప్రస్తావించారు.

గురువారమైతే వెలుగు రహస్యాలు (యేసు బహిరంగ జీవితంలోని అయిదు ఘట్టాలు) తీసుకోండి. అవి 2002లో రెండవ జాన్ పాల్ గారు చేర్చినవి. వాటితో మొత్తం 20 పదులు, 200 జపాలు అవుతాయి కాబట్టి 150 కీర్తనల లెక్క అక్కడితో సరిపోదు. పెద్ద తరగతిలో ఎవరో ఒకరు ఇది అడుగుతారు. ఆయన వాటిని ఐచ్ఛికంగానే ఇచ్చారని చెప్పండి.